పంచాంగానికి అందని ఉపగ్రహం

నా పేరు మిలేనా. యూరప్ పిల్లలకు పెట్టిన బొమ్మల పోటీలో గెలిచిన ఒక పాప పేరది. దారి చూపే గెలీలియో ఉపగ్రహాల్లో నేనొకదాన్ని.

2014 ఆగస్టు 22న ఫ్రెంచ్ గయానాలోని కౌరూ నుంచి నేనూ నా తోటి ఉపగ్రహం దొరెసా ఒకే రాకెట్‌లో బయల్దేరాం. మేం చేరాల్సింది 23,222 కిలోమీటర్ల ఎత్తున గుండ్రటి కక్ష్య. రాకెట్ పై అంచెలో హైడ్రజీన్ గొట్టం, చల్లటి హీలియం గొట్టం పక్కపక్కనే ఉండటంతో ఇంధనం గడ్డకట్టింది. ఆ అంచె సరైన దిక్కుకు తిరగలేక మమ్మల్ని కోలగా సాగిన దారిలో వదిలేసింది. ఒక కొస 25,900 కిలోమీటర్లు, ఇంకో కొస 13,713. కిందికి వచ్చినప్పుడల్లా రేడియేషన్ తాకిడి. భూమి మరీ దగ్గరై, దాన్ని చూసి నిలదొక్కుకునే నా సెన్సారు పట్టు తప్పేది.

తర్వాతి నెలల్లో ఇంజినీర్లు నాలో ఉన్న కొద్దిపాటి ఇంధనాన్నే ఆచితూచి వాడి, కింది కొసను మూడున్నర వేల కిలోమీటర్ల మేర పైకెత్తారు. వాళ్ల ఓర్పుకు నేను రుణపడి ఉన్నాను. కోలదనం మాత్రం పూర్తిగా పోలేదు.

ఏ ఉపగ్రహం ఎక్కడుంటుందో రిసీవర్లకు చెప్పే అల్మనాక్ మాకు పంచాంగం లాంటిది. అందులో కక్ష్య కోలదనానికి కేటాయించినవి 11 బిట్లే. 0.03 దాకా పడుతుంది. నాది దాదాపు 0.16. అందుకే ఆ పట్టికలో నాకు చోటు లేదు.

కానీ నా ఒంట్లో హైడ్రజన్ మేసర్ గడియారం ఉంది. భూమికి దూరమైతే కాలం కాస్త వేగంగా, దగ్గరైతే కాస్త నెమ్మదిగా నడుస్తుందని ఐన్‌స్టీన్ సిద్ధాంతం. నేను రోజుకు దాదాపు రెండుసార్లు దూరమవుతూ దగ్గరవుతూ ఉంటాను. ఆ ఊగిసలాట నా గడియారంలో 370 నానోసెకన్ల దాకా తేడాగా కనిపిస్తుంది. అంతసేపట్లో కాంతి 110 మీటర్లు పోతుంది! నేల మీది కేంద్రాలు నా అద్దాలపై లేజర్ వేసి దూరం కొలిచాయి. అలా కక్ష్య లెక్కలోని పొరపాటును గడియారపు తేడా నుంచి విడదీయగలిగారు.

ఐన్‌స్టీన్ సిద్ధాంతాన్ని ఇలా పరీక్షించడానికి 1976లో ఒక రాకెట్ గడియారాన్ని మోసుకెళ్లింది. రెండు గంటలు కూడా పట్టని ప్రయాణం అది. నాదీ దొరెసాదీ సమాచారం వెయ్యికి పైగా రోజులది. పారిస్ బృందం ఒకటి, బ్రెమెన్ బృందం ఒకటి వేర్వేరుగా లెక్కగట్టి 2018 డిసెంబరులో ఫలితాలు ప్రకటించాయి. ఐన్‌స్టీన్ లెక్కే నిలిచింది. పారిస్ వాళ్ల కొలత 1976 నాటిదానికంటే సుమారు ఐదు రెట్లు కచ్చితం. గుండ్రటి కక్ష్యలో తిరిగే నా తోటివాళ్ల గడియారాలూ ఇలాంటివే. వాటి ఎత్తు దాదాపు మారదు గనుక ఈ పరీక్షకు అవి పనికిరావు.