గీసినవాడి పేరేదీ?

మా రోజుల్లో కార్టూన్ అంటే కింద సంతకం ఉండాల్సిందే. వారపత్రిక చేతికి రాగానే ముందు ఆ మూలే చూసేవాళ్లం. బాపు అని ఉంటే ఆ పేజీ చింపి దాచుకోవాల్సిందే. బొమ్మ నచ్చకపోతే ఎవరిని తిట్టుకోవాలో కూడా ఆ సంతకమే చెప్పేది.

ఇప్పుడు సెల్‌ఫోన్ నిండా బొమ్మలే, పేరు మాత్రం ఉండదు. మా మనవడు ఓ ఆకుపచ్చ కప్పను పంపుతుంటాడు. ఓ రోజు అది ఏడుస్తుంది, ఓ రోజు ఎగతాళిగా నవ్వుతుంది. "ఎవరు గీశార్రా?" అంటే, "ఎవరూ గీయలేదు తాతయ్యా, అది మీమ్" అన్నాడు. ఒళ్లు మండింది. గీయకుండా బొమ్మ ఎలా పుడుతుంది?

దాని పేరు పెపే. 2005లో 'బాయ్స్ క్లబ్' అనే కామిక్ కోసం అమెరికాలో మాట్ ఫ్యూరీ గీశాడు. ఒకే ఇంట్లో పడి ఉండే నలుగురు కుర్రాళ్లలో ఈ కప్ప ఒకడు. ఓసారి లాగు మడమల దాకా దించేసి ఒంటేలు పోస్తుంటాడు. అదేం పనని స్నేహితుడు అడిగితే, హాయిగా ఉంటుందంటాడు. అంతే జోకు, ఎవరికీ హాని లేనిది. 2008లో ఫోర్‌చాన్ అనే వెబ్‌సైట్ కుర్రాళ్లు ఆ మొహాన్ని కత్తిరించి పట్టుకుపోయారు. కళ్లు వాల్చి ఏడిపించారు, మూతి తిప్పి వెక్కిరింపజేశారు. తర్వాత జాత్యహంకారులు దానికి హిట్లర్ మీసం తగిలించారు. 2016 సెప్టెంబరులో యూదు ద్వేషం మీద పోరాడే అమెరికా సంస్థ యాంటీ డిఫమేషన్ లీగ్ దాన్ని ద్వేష చిహ్నాల జాబితాలో చేర్చింది. చేయని పాపం ఫ్యూరీ మెడకు చుట్టుకుంది. 2017లో తన కప్పను తానే శవపేటికలో పడుకోబెట్టి గీశాడు. కన్నబిడ్డకు పాడె కట్టడం కాదూ అది! ఆ బొమ్మతో పోస్టరు అమ్ముకున్న ఇన్ఫోవార్స్ అనే వెబ్‌సైట్ మీద కోర్టుకెక్కితే, 2019లో 15 వేల డాలర్లకు రాజీ కుదిరింది. అదే ఏడాది హాంకాంగ్ ఉద్యమకారులు ఆ కప్పనే స్వేచ్ఛకు గుర్తుగా గోడల మీద అంటించారు.

అలాగని పేరడీ మీద నాకు కోపం లేదు. పేరడీలు రాసిన జరుక్ శాస్త్రిని చదివి పెరిగినవాణ్ని. ఆయన శ్రీశ్రీని అనుకరిస్తే, ఎవరి కవిత్వాన్ని ఆట పట్టిస్తున్నాడో దాచేవాడు కాదు. ఈ కాలంలోనూ పద్ధతిగా చేసినవాడు ఉన్నాడు. ఐర్లండులో డాన్ వాల్ష్ గార్‌ఫీల్డ్ అనే పిల్లి కార్టూన్లలోంచి ఆ పిల్లినే చెరిపేశాడు. మిగిలింది యజమాని జాన్, ఒంటరిగా మాట్లాడుకుంటూ. అసలు గీసిన జిమ్ డేవిస్ దాన్ని మెచ్చుకున్నాడు. 2008లో పుస్తకం వస్తే, మార్చిన బొమ్మల పక్కనే అసలు బొమ్మలూ అచ్చు వేశారు. మర్యాదంటే అదీ.

బాబూ, బొమ్మ పంపేటప్పుడు మూలనున్న సంతకం కత్తిరించకండి. సంతకమే లేకపోతే, గీసిందెవరో కనుక్కుని ఆ పేరు రాసి మరీ పంపండి.