ఎసట్లో ఇంకో చెంబు

"ఎంతమంది వస్తున్నారు?" అని అడగడం మా ఇంట్లో ఈమధ్య పట్టుకున్న అలవాటు. నంద్యాలలో మా అబ్బాయి వాళ్ళది అపార్ట్‌మెంటు, మూడో అంతస్తు. శుక్రవారం సాయంత్రం అక్కడ గృహ కూడిక. బుధవారం నుంచే మా కోడలు ఫోను పట్టుకొని కూర్చుంటుంది. వచ్చేదెవరు, రానిదెవరు, చికెన్ ఎన్ని, వెజ్ ఎన్ని. లెక్క తేలాక హోటలుకు చెబుతుంది. వాక్యం ముగిసే వేళకు ఒక కుర్రాడు బండి మీద సంచులు తెచ్చి గుమ్మంలో పెడతాడు. 14 మందికి 14 డబ్బాలు. ఆఖరి ఆమెన్ అయిన పది నిమిషాలకు సగం మంది డబ్బా చేత్తో పట్టుకొని లిఫ్టు దగ్గర నిలబడి ఉంటారు. "ఇంటికి పోయి తింటాం ఆంటీ, పిల్లలకు రేపు పరీక్ష" అంటారు. ఎవరింట్లో వాళ్ళు ఎవరి డబ్బా వాళ్ళు విప్పుకొని తినడానికి మనమంతా ఒకచోట చేరడం ఎందుకో నాకు అర్థం కాదు.

మా రోజుల్లో ఆ ప్రశ్నే లేదు. మా నాయన ఆళ్ళగడ్డ అవతల ఒక మెట్ట ఊళ్ళో ఉపదేశి. రెండు గదుల ఇల్లు, ముందర వేపచెట్టు, పక్కన వంటపాక. ఆ వైపు క్రైస్తవం నిన్నామొన్నటిది కాదు. చాగలమర్రి దగ్గరి ముత్యాలపాడు, నంద్యాల, కలసపాడు పేర్లు ఎస్పీజీ మిషన్ చరిత్రలో 19వ శతాబ్దం నుంచే ఉన్నాయి. శ్రమల కాలం వచ్చిందంటే భస్మ బుధవారం నుంచి నలభై రోజులూ పొద్దుగూకాక ఒక్కో ఇంట్లో కూటం. అప్పటికి పత్తి ఏరడం అయిపోయి, పీకిన పత్తికట్టె ప్రతి ఇంటి ముందూ వాములుగా ఉండేది. వంటచెరుక్కు కరువు లేదు. ఎవరింట్లో కూటమైతే ఆ ఇంటి వంటపాకలో మూడు రాళ్ళు పెట్టి, ఒకే ఒక్క డేగిసా ఎక్కించేవాళ్ళు. అందులో ఉడికేది పులగం.

పులగం అంటే ఇప్పటి పిల్లలకు సంక్రాంతికి ఒకరోజు వండేదే తెలుసు. మాకు అది కూటం తిండి. రెండు పడుల బియ్యానికి ఒక పడి పొట్టు పెసరబేడలు. బేడలను ముందు వట్టి డేగిసాలో వాసన వచ్చేదాకా వేయించి, తీసి, బియ్యంతో కలిపి కడిగేది మా అమ్మ. పొట్టు పోనిచ్చేది కాదు. గింజకు మూడింతలు నీళ్ళు ఎసరు పెట్టి, ఉప్పు, పసుపు, జీలకర్ర, దంచిన మిరియాలు, నాలుగు రెబ్బల కరివేపాకు వేసేది. ఎసరు తెర్లేటప్పుడు గింజ పోసి, ఒక పొంగు రాగానే కట్టె లాగేసి, మూత మీద గుప్పెడు నిప్పులు వేసి వదిలేది. వాక్యం చెప్పినంతసేపూ అది ఆ నిప్పుల మీదనే మగ్గేది. పక్కనే రోట్లో బుడ్డల ఊరిబిండి. వేయించిన బుడ్డలు, ఎండు మిరపకాయలు, చింతపండు, తెల్లగడ్డ, కల్లుప్పు. మరీ మెత్తగా నూరకూడదు, పంటికి తగలాలి. నెయ్యి ఉన్న ఇంట్లో తలా ఒక చుక్క, లేని ఇంట్లో బుడ్డల నూనె. అంతే. కూర లేదు, చారు లేదు. శ్రమల కాలంలో మాంసం ముట్టని వాళ్ళుండేవారు కాబట్టి ఎవరికీ వేరుగా వండే పనే ఉండేది కాదు. ఇప్పుడు మంచి శుక్రవారానికి ముందు వారం కూడా చికెన్ బిర్యానీ డబ్బాలు వస్తున్నాయి మా ఇంటికి. నోరు మూసుకొని ఊరుకోవడం నాకు చాతకాలేదు. అడిగేశాను. "అవ్వా, హోటల్లో అదే త్వరగా ఇస్తారు" అన్నాడు మనవడు.

వరి బియ్యం అన్నానే గానీ అది కేసీ కాలువ పారే ఊళ్ళ మాట. కాలువ కింద ఉన్న బంధువులు వస్తూ వస్తూ తుండుగుడ్డలో కట్టి తెచ్చిన రోజున తెల్లటి పులగం. మిగతా రోజుల్లో కొర్రబియ్యంతోనే. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాకే మా ఊళ్ళో మామూలు రోజున అన్నం కుండలు పొయ్యెక్కాయి. ఆ కొర్రలే ఇప్పుడు షుగరు ఉన్నవాళ్ళు వెతుక్కొని కొంటున్నారు. 1906 నుంచి ఉన్న మన నంద్యాల వ్యవసాయ పరిశోధన కేంద్రం వాళ్ళు సూర్యనంది అని కొత్త కొర్ర రకమే తెచ్చారు. తినాల్సిన ఊళ్ళో మానేసి, ఇప్పుడు సూపర్ మార్కెట్లో అరకిలో ప్యాకెట్టు కొంటున్నాం.

అసలు సంగతి ఎసట్లో ఉండేది. కూటానికి ఇరవై మంది అనుకుంటాం. పాట మొదలయ్యే సరికి పక్క ఊరి నుంచి నలుగురు లాంతరు పట్టుకొని వస్తారు. పాట చప్పుడు విని గొర్రెల కాపరి ఒకడు కంబడి భుజాన వేసుకొని గోడవారగా కూర్చుంటాడు. ఆళ్ళగడ్డ సంత నుంచి తిరిగిపోయే బండి ఒకటి ఆగుతుంది. మా అమ్మ పాక గుమ్మంలోంచి తలలు లెక్కపెట్టదు. ఒకసారి చూస్తుంది, ఇంకో చెంబు నీళ్ళు, ఇంకో దోసెడు కొర్రబియ్యం డేగిసాలో పడేస్తుంది. పులగం కాస్త జారుగా అవుతుంది. జారైనా పులగమే. మొదట పెట్టేది చివర వచ్చినవాళ్ళకు, పిల్లలకు. ఆ కాపరి ఏ కులమో, ఏ దేవుణ్ణి మొక్కుతాడో ఎవరూ అడిగేవాళ్ళు కాదు. మమ్మల్ని ఊళ్ళో వాళ్ళ బావి దగ్గరికి రానివ్వని రోజులవి. మా వాకిట్లో మాత్రం అందరికీ ఒకే గెంటెతో వడ్డన, మోదుగాకు విస్తరి. ఆ ఒక్క కుండ మాకు ఎంత గౌరవమో ఇప్పుడు డబ్బా చేత పట్టుకొని పోయేవాళ్ళకు ఎట్లా చెప్పాలి?

నాకు పన్నెండేళ్ళప్పుడు ఒక తప్పు చేశాను. అమ్మ ఉప్పు వేసి నీళ్ళకు పోయింది. వేయలేదనుకొని నేను మళ్ళీ దోసెడు వేశాను. గింజ ఉడికాక నోట్లో పెట్టుకున్న వాళ్ళ ముఖాలు చూసి నాకు ఏడుపొచ్చింది. అమ్మ తిట్టబోయింది. కూటంలో ఒక ముసలామె, చదువు రాని మనిషి, అడ్డం పడి ఎలీషా కథ చెప్పింది. కరువు రోజుల్లో గిల్గాలులో పెద్ద కుండ పొయ్యిమీద పెట్టమన్నాడు ప్రవక్త, ఎవడో తెలియక అడవి కాయలు తరిగి వేశాడు, కుండలో విషముందని శిష్యులు కేకలేస్తే ఆయన కుండ పారబోయమనలేదు, పిండి తెచ్చి అందులో వేశాడు, అందరూ తిన్నారు. ఆమె మాట మీద ఇరుగు పొరుగు ఇళ్ళ నుంచి తలా ఒక గుప్పెడు గింజ వచ్చింది. ఇంకో కుండలో చప్పగా ఉడికించి దీంట్లో కలిపారు. ఆరోజు కూటం రాత్రి పదింటిదాకా సాగింది. నా ఉప్పు వల్ల మా వాకిట్లోకి ఇంకో ఎనిమిది మంది వచ్చారు. మొన్న ఒక శుక్రవారం డబ్బాల్లో అన్నం పాచి వాసన వేసింది. హోటలు పేరు ఎందుకులే. 14 డబ్బాలూ మూతలు పెట్టి చెత్తబుట్టలో వేశారు. అందరూ వాక్యం విని ఆకలితో ఇళ్ళకు పోయారు. వంటగదిలో బియ్యం డబ్బా నిండా ఉంది. పొయ్యి వెలిగిద్దామని ఒక్కరికీ తోచలేదు.

ఆ రోజుల్లో కూటాలకు గింజ ఎక్కడిదో కూడా చెప్పాలి. ప్రతి పూటా ఎసట్లో గింజ పోసేముందు ఒక పిడికెడు తీసి చిన్న కుండలో వేసేవాళ్ళు మా ఆడవాళ్ళు. దేవుని పిడికెడు. ఆదివారం గుడికి తెచ్చేవాళ్ళు. అందులోంచే ఉపదేశి కుటుంబానికి కొంత, దిక్కులేని వాళ్ళకు కొంత, కూటాల డేగిసాలోకి కొంత. జాన్ వెస్లీ కాలంలో, 1742లో బ్రిస్టల్‌లో, పన్నెండేసి మందిని ఒక గుంపు చేసి వారానికి తలా ఒక పెన్నీ వసూలు చేశారని మా నాయన చెప్పేవారు. ఆ పెన్నీ కోసం ఇంటింటికీ తిరిగిన మనిషికి ఎవరు జబ్బుపడ్డారో, ఎవరు పస్తున్నారో తెలిసివచ్చిందట. మా పిడికెడు కుండా అంతే. ఒక ఇంటి కుండ ఆదివారం రాలేదంటే సోమవారం మా అమ్మ ఆ ఇంటికి పోయేది. 1876-78 కరువులో కర్నూలు జిల్లా ఎంత చచ్చిందో మా జేజి వాళ్ళ పెద్దల నోట విన్నది. గింజ దాచడమూ పంచడమూ ఆ భయంలోంచి నేర్చుకున్నవే. ఇప్పుడు కానుక ఫోనులో స్కాన్ చేసి పంపుతున్నారు. పంపనీ. ఎవరింట్లో గింజ లేదో ఆ ఫోను చెప్పదు.

సంఘంలో పెద్దల తగాదాలు మా కాలంలోనూ ఉన్నాయి. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినా నంద్యాల వైపు చాలామంది అందులో చేరకుండా పాత ఆంగ్లికన్ సంఘంలోనే ఉండిపోయారు. 1963లో నంద్యాల విడిగా అధ్యక్ష మండలమైంది. కలయిక 1975లో గానీ కాలేదు. ఆ ఏళ్ళన్నీ మగవాళ్ళు కూటం అయ్యాక అరుగు మీద కూర్చొని బిషప్పుల గురించి, ఆస్తుల గురించి గొంతులు పెంచేవాళ్ళు. విస్తళ్ళు పరిచాక మాత్రం అటువాళ్ళూ ఇటువాళ్ళూ పక్కపక్కనే. వేరే కుండ లేదు కదా, ఎక్కడికి పోతారు?

అప్పుడంతా బాగుండేదని నేననను. మా అమ్మ కళ్ళు పొగకు పోయాయి. యాభై నిండకముందే సూదిలో దారం ఎక్కించలేకపోయింది. నలభై కూటాల్లో ఒక్క కూటంలోనూ ఆమె చాప మీద కూర్చొని వాక్యం విన్నది లేదు. పాకలోంచే ఆమెన్ అనేది. ఆ ఆమెన్ గోడ అవతలి నుంచి, మా అందరికంటే ఒక్క క్షణం ఆలస్యంగా వినబడేది. గ్యాసు పొయ్యి వచ్చిందంటే ఎవరికన్నా ఎక్కువ సంతోషించేది నేనే. కానీ పొగ పోయింది కాబట్టి వంట సులువైంది కదా, సులువైన రోజునే వంట మానేస్తే ఎట్లా? మగపిల్లలు కూడా ఉల్లిగడ్డ తరగొచ్చు, గింజ కడగొచ్చు. 2019 సెప్టెంబరులో కుందూ పొంగి, మద్దిలేరు, చామకాల్వ నీళ్ళు నంద్యాల వీధుల్లోకి వచ్చినప్పుడు ఈ పిల్లలే చేశారు. హోటళ్ళు మూసేశారు, బండ్లు కదల్లేదు. మా మెట్ల కింద పెద్ద గిన్నె పెట్టి, నేను కుర్చీలో కూర్చొని చెబుతుంటే నలుగురు మగపిల్లలు పులగం వండారు. కింది అంతస్తుల వాళ్ళంతా తిన్నారు. మా కూడికకు ఎన్నడూ రాని ఇంటివాళ్ళు కూడా. నీళ్ళు తీసిన వారానికే మళ్ళీ డబ్బాలు.

పోయిన నెల జరిగింది నాకు ముల్లులా ఉంది. మా అపార్ట్‌మెంటు వాచ్‌మన్ పాటలంటే ఇష్టపడే మనిషి. పాడేటప్పుడు పైకి వచ్చి చెప్పుల దగ్గర నిలబడతాడు. ఆరోజు "లోపలికి రా నాయనా" అన్నాను, వచ్చి కూర్చున్నాడు. ప్రార్థన అయింది. డబ్బాలు పంచారు. లెక్క సరిగ్గా సరిపోయింది, ఆయనకు లేదు. పంచేవాళ్ళకు తప్పనిపించలేదు, "ఆయన పేరు లిస్టులో లేదు కదా" అన్నారు. ఆయన నవ్వి, "నాకెందుకమ్మా, ఇంటికాడ తింటా" అని దిగిపోయాడు. నా డబ్బా తీసుకొని మెట్లు దిగేలోపల గేటు దాటిపోయాడు. కొరింథులో కూడా ఇదే జరిగింది. ఒకడు ముందే తెచ్చుకున్నది తిని కడుపు నింపుకుంటే ఇంకొకడు ఆకలితో చూస్తూ కూర్చున్నాడని పౌలు ఉత్తరంలో కోప్పడ్డాడు. ఆ అధ్యాయాన్ని మనం సంస్కారపు బల్ల దగ్గర ప్రతిసారీ చదువుకుంటాం, తిండి గురించి అన్న మాటలు వదిలేసి.

అందుకే వచ్చే శుక్రవారం డబ్బాలు వద్దన్నాను. మా కోడలు మొదట ముఖం చిన్నబుచ్చుకుంది, "ఎంతమందికి వండాలత్తా?" అని మళ్ళీ అదే అడిగింది. ఇరవై మందికి పెట్టు, చెంబు నీళ్ళు దగ్గర పెట్టుకో అన్నాను. వాచ్‌మన్‌కు నేనే చెప్పాను, పెళ్ళాం పిల్లలతో రమ్మని. బేడలు పొట్టువే తెప్పించాను.

మా అమ్మ ఇత్తడి డేగిసా అటక మీద ఉంది. దించి చూస్తే లోపల కళాయి అంతా పోయి పచ్చగా తేలింది. కళాయి లేని ఇత్తడిలో వండకూడదు. మా చిన్నప్పుడు ఏడాదికోసారి కళాయి సాయిబు తిత్తి, తగరం, నవాసారం మూట కట్టుకొని ఊళ్ళోకి వచ్చేవాడు. గిన్నె కాల్చి, నవాసారం చల్లి, కరిగిన తగరాన్ని దూదితో ఒక్క తిప్పు తిప్పితే తెల్లటి పొగ లేచి లోపలంతా వెండిలా మెరిసేది. నంద్యాలలో పాత్రల కొట్లన్నీ అడిగాను, వేసేవాళ్ళు ఇప్పుడు లేరన్నారు, పాతది ఇచ్చేసి స్టీలుది తీసుకోమన్నారు. ఆళ్ళగడ్డలో ఒకాయన ఉన్నాడని మా చెల్లెలు ఫోన్ చేసింది. 40 కిలోమీటర్లు. రేపు పొద్దున బస్సుకు డేగిసా ఒళ్ళో పెట్టుకొని పోతున్నాను.