అంకె తప్పదు, బియ్యమే తప్పిపోతాయి

రేషను దుకాణాల అమ్మకాల లెక్కలో ఇక తప్పు దొర్లే అవకాశమే లేదన్న మాట తమిళనాట అధికార భాషలో శాసనంలా స్థిరపడింది. 2017లో పాత కుటుంబ కార్డులు పోయి స్మార్ట్ కార్డులు వచ్చాయి, 2020 అక్టోబరులో వేలిముద్ర వచ్చింది, ఇటీవల కాటాను కూడా బిల్లు యంత్రానికి ముడివేశారు; ఇన్ని తాళాలు వేసిన గదిలోకి అబద్ధం ఎలా చొరబడుతుందని ఆ వాదం నిలదీస్తుంది. తాళం వేసే వేళకే అది లోపల చాప పరుచుకొని ఉండవచ్చునన్న సందేహం ఆ వాదానికి కలగదు గాని, తిరువళ్ళూరు జిల్లా సరిహద్దులో ఆరణి నది పక్కన ఉన్న ఊత్తుకోటలో క్యూలో నిలబడే తెలుగు అవ్వలకు మాత్రం కలుగుతుంది.

అక్కడి గల్లాపెట్టె ముందు జరిగే తంతు ఏ ఊరికైనా వర్తించేదే. కొంగుకు బొటనవేలు తుడుచుకొని అద్దం మీద ఆనించిన అవ్వకు రెండు మూడు సార్లు ‘పడలేదు’ అన్న జవాబు వచ్చి, నాలుగోసారి యంత్రం కరుణిస్తుంది. కిలో కందిపప్పు 30, లీటరు పామాయిలు 25, వెరసి 55 రూపాయలకు బిల్లు పడుతుంది, దానితోపాటు ‘పప్పు లోడు రాలేదవ్వా, సోమారం రా’ అన్న మాటా పడుతుంది. ఎక్కడో షిఫ్టులో ఉన్న మనవడి ఫోనుకు మాత్రం పప్పు అందినట్టు సందేశం ఆ క్షణమే చేరుతుంది. లెక్కల ప్రకారం ఆ పప్పు ఉడికిపోయింది. అవ్వ పొయ్యి మీద ఎసరు ఇంకా కాగుతూనే ఉంది.

ఈ లెక్కను తనిఖీ చేసే విధానం ఇంకా ముచ్చటైనది. వర్తక శాస్త్రంలో సరిపోల్చుట అనే ప్రక్రియ ఒకటి ఉన్నది. వేర్వేరు చేతులు రాసిన రెండు పద్దులను పక్కపక్కన పెట్టి, తేడా ఎక్కడ వచ్చిందో వెదకడమే దాని పని. దుకాణంలో మాత్రం నెల మొదట ఉన్న నిల్వకు వచ్చిన సరుకు కలిపి, యంత్రం అమ్మానన్నది తీసివేసి, మిగిలిన అంకెను స్టాకు రిజిస్టరులోకి ఎక్కించి, ఆ రిజిస్టరు యంత్రంతో పైసా తేడా లేకుండా సరిపోయిందని చూసి సంతకం పెట్టడం తనిఖీ అనిపించుకొంటుంది. తన నీడను వెంటబెట్టుకొని న్యాయస్థానానికి వచ్చి, ఇద్దరు సాక్షులం వచ్చామని చెప్పుకొన్నవాడికి ఇంతకంటె గొప్ప ఆదరణ ఎక్కడా దొరకదు.

తరుగు అనేది, అంటే గోదాము నుంచి గిరాకీదారు సంచి వరకు సాగే దారిలో సరుకు సహజంగానో అసహజంగానో కోల్పోయే బరువు, ఈ పద్దులో కనిపించదు. 50 కిలోల బస్తా తక్కువ తూగుతున్నదని దుకాణ సిబ్బంది ఏళ్ళ తరబడి మొత్తుకొంటున్నా, దిగిన బస్తా పద్దులో 50 కిలోలే. ఆ లోటు ఎవరి సంచిలోంచో గ్రాములుగానో, ఆ నెల రాని కార్డు మీద బిల్లుగానో పూడుతుంది, పూడినది పూడినట్టు అమ్మకంగా నమోదవుతుంది. విచిత్రమేమంటే ఇదే ఊత్తుకోట దగ్గర కృష్ణ నీటికి దక్కిన నిజాయితీ బియ్యానికి దక్కలేదు. ఆ నీటిని చెన్నైకి తెచ్చే తెలుగుగంగ కాలువ ఒప్పందాలలో మూడు రాష్ట్రాలు తలా 5 టీఎంసీలు, అంటే తలా 500 కోట్ల ఘనపుటడుగులు ఇచ్చే 15లో 3 దారిలో ఆవిరైపోతాయని కాగితం మీదే ఒప్పుకొని, తమిళనాడుకు 12 అని రాసుకొన్నారు. కాలువ తమిళనాడులోకి అడుగుపెట్టే జీరో పాయింట్ దగ్గర పుచ్చుకొనేవారు మళ్ళీ కొలుచుకొంటారు కూడా. నీరు ఆవిరవుతుందని ఒప్పుకొన్న రాజ్యం, బియ్యం ఆవిరవుతాయంటే మాత్రం ఒప్పుకోదు.

అమ్మినవాణ్ణి కాకుండా తిన్నవాణ్ణి అడిగే పద్ధతి లేకపోలేదు. గోదాములు విడుదల చేసిన ధాన్యాన్ని 2022-23 కుటుంబ వినియోగ సర్వేలో ఇళ్ళవారు చెప్పిన దానితో పోల్చిన ఇక్రియర్ అనే ఆర్థిక పరిశోధన సంస్థవారు, దేశం మొత్తం మీద సుమారు 28 శాతం ఇళ్ళకు చేరలేదని 2024లో తేల్చారు. దుకాణాలన్నింటా యంత్రాలు కూతపెడుతున్న కాలపు సంగతి ఇది. యంత్రం వేలిని ఎరుగును గాని సంచిని ఎరుగదు కనుక, దాన్ని తప్పుపట్టడం అన్యాయం.

2011 జూన్ నుంచి ఉచితంగా ఇస్తున్న బియ్యం కొన్ని రూపాయలకు చేతులు మారి, బస్తాలకెక్కి, సత్యవేడు వైపో నాగలాపురం వైపో బయలుదేరుతాయన్నది పత్రికలు చదివేవారికి కొత్త కాదు. సరిహద్దులో పట్టుబడిన ఆ బస్తాలలోని ప్రతి గింజా ఎప్పుడో ఒకనాడు ఎవరో ఒకరికి, వేలిముద్రతో, సందేశంతో, శాస్త్రోక్తంగా అమ్ముడైనదే కావచ్చు. వాటిని పౌర సరఫరాల గోదాముకు చేర్చి, బాగున్నవాటిని తిరిగి దుకాణానికి పంపే పక్షంలో అవే గింజలు రెండోసారి అమ్ముడవుతాయి. ఆ రెండో వేలిముద్ర కూడా మొదటిదానంత నిక్కచ్చిగానే పడుతుంది.