పెట్రోలు అడగని బండిని

పూర్వాశ్రమంలో నేను అర లీటరు నీళ్ల సీసాని. వాయుగుండం పుణ్యమా అని బండినయ్యాను. సూళ్లూరుపేటలో కార్తీకమాసపు వాన పట్టుకుందంటే ఓ పట్టాన వదలదు. బడికి సెలవిచ్చారు, కరెంటు పోయింది, సెల్‌ఫోన్లలో చార్జింగూ అయిపోయింది. అన్నాచెల్లెళ్లిద్దరూ దిండ్లతో కొట్టుకుని అలిసిపోయాక, చెత్తబుట్టలోకి పోబోతున్న నన్ను వాళ్ల తాతయ్య చేతిలోకి తీసుకున్నారు.

నాకైన ఖర్చు దాదాపు సున్నా. నాలుగు సీసా మూతలు చక్రాలు. గాలిపటానికని దాచిన వెదురు పుల్లలు ఇరుసులు. అవి తిరగడానికి నా పొట్టకింద అంటించిన రెండు స్ట్రా ముక్కలు. మేకు కాల్చి మూతలకు బెజ్జాలు పెట్టింది మాత్రం తాతయ్య. మిగతాదంతా పిల్లల పని. ఆ సంగతి నా నడకే చెబుతుంది.

నా వీపు మీది బెలూనుకు కాస్త పొగరు. రబ్బరు బెలూన్లను 1824లో లండన్‌లో మైకేల్ ఫారడే హైడ్రోజన్ ప్రయోగాల కోసం చేశాడు. రెండు రబ్బరు రేకుల అంచులు అతికించి, లోపల అంటుకుపోకుండా పిండి చల్లాడు. తనది ఆ వంశమని దీని గొప్ప. ఉబ్బడం దాని వృత్తే కదా, నేనేం పట్టించుకోను.

మొదటిసారి గాలి ఊది వదిలితే బుస్సుమన్నానే గానీ కదల్లేదు. తాతయ్య వక్కపొడి నములుతూ చూస్తున్నారు, పెదవి విప్పలేదు. చిన్నది గచ్చు మీద బోర్లా పడుకుని నన్ను కళ్లకెదురుగా పెట్టుకుంది. ఒక్కో చక్రాన్నీ వేలితో తిప్పి చూసింది. వెనక జత తిరగలేదు. టేపు అంచు స్ట్రా దాటి పుల్లకు అంటుకుంది. గోటితో గీకి తీసేసింది. పెద్దాడు బెలూను మూతి దగ్గర చెంప పెట్టి, గాలి ఎక్కణ్ణుంచి కారుతోందో కనిపెట్టి రబ్బరు బ్యాండు బిగించాడు. ఈసారి వంటగది గడప దాకా పోయాను, కొంచెం కుంటుతూ. ఒక మూతకు బెజ్జం నడిమధ్యన పడలేదు. అది తాతయ్య ఖాతా.

"గాలి వెనకనున్న గాలిని తంతోంది, అందుకే పోతోంది" అన్నాడు పెద్దాడు.

"మరి చంద్రుడి దగ్గర గాలే లేదే, మన రాకెట్టు దేన్ని తన్నిందిరా?"

వాడు నోరు తెరిచాడు. 2023 జూలై 14న శ్రీహరికోట నుంచి చంద్రయాన్-3 లేచినప్పుడు మిద్దె మీద గంతులేసినవాడే. తాతయ్య బెలూను చేతికిచ్చి చెప్పారు: లోపలి గాలి అన్ని వైపులా గోడల్ని నెడుతుంది. మూతి దగ్గర గోడ లేదు. అక్కడ గాలి బయటికి దూకుతుంది, ఎదురు గోడ మీది తోపుడు మిగిలిపోయి బండిని ముందుకు నెడుతుంది. న్యూటన్ 1687లో అచ్చేసిన మూడో సూత్రం ఇదే. వెనక గాలి ఉన్నా లేకపోయినా ఒకటే. 320 టన్నుల పీఎస్‌ఎల్‌వీ రాకెట్టుకీ నాకూ అంతవరకు చుట్టరికమే.

చాప మీద మాత్రం నన్ను పరుగెత్తించకండి, నా వల్ల కాదు. నున్నటి గచ్చు కావాలి. బెలూను పగిలితే ముక్కలన్నీ వెంటనే ఏరెయ్యండి, పాకే పిల్లల గొంతుకు అడ్డం పడతాయి. మేకు మీరే కాల్చండి. బండి మాత్రం మీ పిల్లల్నే కట్టనివ్వండి, వంకరగా వచ్చినా సరే.