అంతర్జాతీయ పరపతి సంఘం

కోడు రాసేవాళ్లకు చిక్కు వస్తే వెళ్లి అడిగే చోటు స్టాక్ ఓవర్‌ఫ్లో. జెఫ్ ఆట్‌వుడ్, జోయెల్ స్పోల్‌స్కీ అనే ఇద్దరు 2008లో పెట్టారు. మాదాపూర్‌లోనో, మధురవాడలోనో, డల్లాస్‌లోనో కూర్చుని జీతం తీసుకునే మన పిల్లల్లో దాని గడప తొక్కనివాళ్లు అరుదు. ‘మావాడు రాత్రింబవళ్లు కష్టపడి రాస్తాడండీ’ అని తల్లిదండ్రులు మురిసిపోయే కోడులో నాలుగు లైన్లయినా అక్కడ ఎవరో పుణ్యాత్ముడు రాసిపెట్టినవే ఉంటాయి. ఆ పుణ్యాత్ముడికి ముట్టేది డబ్బు కాదు, పరపతి పాయింట్లు. పెళ్లిసంబంధాల బయోడేటాలో ఆ పాయింట్లకు ఇంకా గడి పెట్టలేదు గానీ ఎంతో దూరం లేదు.

ఈ పాయింట్ల రాజ్యాంగం చదివితే అంబేద్కర్ గారు కూడా ఒకసారి కళ్లజోడు సవరించుకునేవారు. కొత్తగా చేరినవాడి చేతిలో ఒకే ఒక్క పాయింటు పెడతారు. దాంతో వాడు ప్రశ్న అడగొచ్చు, ఊరివాళ్ల ప్రశ్నకు నాలుగు పేజీల జవాబూ రాయొచ్చు. కానీ ఇంకొకరి జవాబు కింద ‘అయ్యా, మూడో లైను చూసుకోండి’ అని ఒక్క ముక్క అనాలంటే 50 పాయింట్లు ఉండాలి. పెళ్లిలో గరిట ఎవడైనా పట్టుకోవచ్చు, పప్పులో ఉప్పు తగ్గిందనడానికి మాత్రం హోదా కావాలి.

బాగుందని ఓటేయాలంటే 15. బాగాలేదని ఓటేయాలంటే 125. పైగా జవాబు బాగాలేదని ఓటేస్తే రాసినవాడికి రెండు పాయింట్లు పోతాయి, ఓటేసినవాడికీ ఒకటి పోతుంది. తిట్టించుకున్నవాడితో పాటు తిట్టినవాడికీ జరిమానా అన్నమాట. ఈ నిబంధన మన రెండు శాసనసభల్లో పెట్టి చూడండి, మొదటిరోజు భోజనాల వేళకే కోరం ఉండదు. అయితే ఇందులో ఒక వెసులుబాటు ఉంది. ప్రశ్న మీద వేసే తిట్టు ఓటుకు జరిమానా లేదు. చెప్పేవాణ్ణి అంటే ఖర్చు, అడిగేవాణ్ణి అంటే ఉచితం. ఈ నియమం రాసినవాడెవడో లోకాన్ని బాగా చూసినవాడే.

అడిగేవాడి కష్టాలు వేరు. ఉభయకుశలోపరి అని ఉత్తరం మొదలుపెట్టిన జాతి మనది. అక్కడ ప్రశ్నకు ముందు నమస్కారం, చివర ధన్యవాదాలు రాస్తే ఎవరో ఒకరు వచ్చి కత్తిరించి పోతారు. జవాబు పనికొచ్చిందని సంతోషం పట్టలేక కింద థాంక్స్ అని రాయబోతే, అలా రాయొద్దు, ఓటేయండి అంటుంది రూల్సు పుస్తకం. ఓటేయాలంటే 15 కావాలి కదా? కృతజ్ఞత మనసులోనే ఉంచుకోవాలి. ఇదంతా దాటుకుని ప్రశ్న నిలబడిందనుకుంటే, 3,000 పాయింట్ల పెద్దమనుషులు కొందరు వచ్చి ‘ఇది ఎప్పుడో అడిగేశారు’ అని ఓట్లేసి తలుపు మూసేస్తారు. కొత్తవాళ్లకు మా దగ్గర ఆదరణ తక్కువని 2018లో ఆ సంస్థే ఒప్పుకుంది. ఒప్పుకున్నందుకు పాయింట్లు ఎన్ని ఇచ్చుకున్నారో!

దీనికంటే ముందే, 1997లో మొదలైన స్లాష్‌డాట్ అనే టెక్ వార్తల చర్చాసైటులో వేరే పద్ధతి ఉండేది. తీర్పు చెప్పే అధికారం అక్కడ ఎవరికీ శాశ్వతం కాదు. మామూలుగా వచ్చిపోయే సభ్యుల్లో ఎవరో ఒకరికి ఉన్నట్టుండి ఐదు పాయింట్లు వచ్చేవి. మూడు రోజుల్లో వాడకపోతే మురిగిపోయేవి. తను నోరు విప్పిన చర్చలో తను తీర్పు చెప్పకూడదు. ఆ తీర్పులు సవ్యంగా ఉన్నాయా అని చూడటానికి మళ్లీ ఇంకొందరు. మన ఆకాశరామన్నకు వాళ్లు పెట్టిన పేరు అనామక పిరికిపంద. వాడి మాట సున్నా దగ్గర మొదలయ్యేది, పేరు చెప్పుకున్నవాడిది ఒకటి దగ్గర. పెత్తనం కోసం ఎగబడేవాడికి దాన్ని పట్టుకు వేలాడే దారి లేకుండా చేసిన ఏర్పాటు ఇది. నాకైతే ఇదే నచ్చింది. అందుకే కాబోలు, కాపీ కొట్టినవాళ్లు తక్కువ.

స్లాష్‌డాట్ వాళ్లకూ ఒక చోట కాలు జారింది. సభ్యుడి ఖాతాలో పోగయ్యే పరపతిని మొదట అంకెలో చూపించారు. జనం విషయం వదిలేసి అంకె కోసం రాయడం మొదలుపెట్టారు. దాంతో అంకె దాచేసి, ‘ఘోరం’ నుంచి ‘అద్భుతం’ దాకా మాటలు పెట్టారు. మనం 2012లో పదో తరగతి మార్కులు దాచేసి గ్రేడ్లు తెచ్చింది కూడా ఈ ఆశతోనే. మన కార్పొరేట్ విద్యావేత్తలు తక్కువవాళ్లా? 10/10 జీపీఏలు ఎన్నో లెక్కపెట్టి పేపర్లలో పేజీలు నింపారు. చివరికి రెండు రాష్ట్రాల్లోనూ మార్కులే తిరిగొచ్చాయి.

మళ్లీ మన పరపతి సంఘానికి వద్దాం. 2021లో స్టాక్ ఓవర్‌ఫ్లోను ప్రోసస్ అనే కంపెనీ 180 కోట్ల డాలర్లకు కొంది. జవాబులు రాసినవాళ్ల వాటా ఎప్పటిలాగే ఓటుకు 10 పాయింట్లు, అదీ ఓట్ల మీద వచ్చేది రోజుకు 200 దాటకుండా. యజమాని సంపాదనకు లేని పరిమితి ఇక్కడ ఉంది. 2022 డిసెంబరులో చాట్‌జీపీటీ రాసిన జవాబులు పెట్టొద్దని నిషేధం వచ్చింది. మరుసటి ఏడాది కంపెనీ వారు, యంత్రం రాసిందన్న అనుమానంతో ఊరికే తీసేయకండి అని మోడరేటర్లకు చెప్పారు. మోడరేటర్లు జూన్‌లో సమ్మెకు దిగారు. జీతమే లేని ఉద్యోగంలో సమ్మె ఏమిటని అడక్కండి, ఫ్రీగా చేసే పని మానేశారు. ఆగస్టుకు రాజీ కుదిరింది.

2024లో కంపెనీ, ఈ జవాబులను వాడుకోనిస్తూ, చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐతోనే ఒప్పందం చేసుకుంది. ఒళ్లు మండిన కొందరు తమ జవాబులు తామే చెరిపేయబోయారు. జవాబులు యథాస్థానానికి వచ్చాయి, చెరిపినవాళ్ల ఖాతాలు కొన్నాళ్లు ఆగాయి. 3,000 పాయింట్లుంటే పరాయివాడి ప్రశ్న మూయించడంలో చెయ్యి వేయొచ్చు. అడిగినవాడు సరేనని టిక్కు పెట్టిన సొంత జవాబును మాత్రం, లక్ష పాయింట్లున్నా, రాసినవాడు చెరుపుకోలేడు.

ఇప్పుడు మన పిల్లలు యంత్రాన్నే అడుగుతున్నారు. అది ఎంత తెలివితక్కువ ప్రశ్నకైనా ‘చాలా మంచి ప్రశ్న’ అంటూ మొదలుపెడుతుంది. నిన్ననే అడిగావు కదా అని విసుక్కోదు. తప్పు చెప్తే దానికి పాయింట్లు పోవు. స్టాక్ ఓవర్‌ఫ్లోకి కొత్త ప్రశ్నలు బాగా తగ్గిపోయాయి. వేలకు వేలు పాయింట్లు కూడబెట్టిన పెద్దమనుషులు మాత్రం ఇంకా వాకిట్లోనే ఉన్నారు, మూయడానికి సరిపడా ప్రశ్నలు రావడం లేదు.