డాక్టర్ నడిపిన బండి

ఫోన్ తెరిస్తే ఈ మధ్య ఒకటే మోత. నల్లకళ్లద్దాల కుర్రాడొకడు బానెట్ మీద చెయ్యి వేసి, "అయిదు లక్షల్లో రేసు కారు! ఇంటిల్లిపాదీ ఎక్కొచ్చు, హైవే మీద ఎవణ్ణైనా దాటెయ్యొచ్చు!" అంటాడు. దాటాల్సిన ఆ ఎవడు ఎవడో, ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని మరీ వాణ్ణి దాటడం ఎందుకో మాత్రం చెప్పడు. ఆ వీడియో చూసి మనసు పారేసుకున్న ఒక గృహస్థు ఆదివారం పూట కరీంనగర్ బైపాస్ పక్కన, రేకుల షెడ్డు కింది ఆటో కన్సల్టెన్సీకి సకుటుంబంగా వచ్చాడు.

పాత్రలు:

టర్బో: ప్రైవేటు బ్యాంకు ఉద్యోగి. ఒక భార్య, ఇద్దరు పిల్లలు, ఒక హోమ్‌లోను. చేతిలో అయిదు లక్షలు.

బావ: టర్బో అక్క మొగుడు. డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్తాడు. పాత వ్యాగన్ ఆర్ నడుపుతాడు.

అవ్వ: టర్బో తల్లి. మోకాళ్లు వంగవు, మాటా వంగదు.

అన్న: కన్సల్టెన్సీ ఓనరు. ఊరందరికీ అన్నే.

టర్బో: బావ, ముందే చెప్తున్న. మైలేజీ ఎంతని అడగకు, పరువు పోతది. నేను వచ్చింది కారు కోసం కాదు, ఫీల్ కోసం.

బావ: ఫీల్‌కు లోను ఇస్తదా మీ బ్యాంకు?

టర్బో: గియ్యే వద్దన్న! అగో చూడు, తెల్లది. పోలో జీటీ టీఎస్‌ఐ, 2014 మోడల్. 1,200 సీసీ ఇంజనే గని టర్బో ఉన్నది. 105 గుర్రాల బలం. సున్న నుంచి వందకు పది సెకండ్ల లోపట పోతది.

బావ: ఏ రోడ్డు మీద?

టర్బో: అంటే?

బావ: రాజీవ్ రహదారి మీదనా? రేణికుంట టోల్‌గేట్ దాక ఉరుకుతవ్. ఆడ ఫాస్టాగ్‌ల పైసల్లేని లారీ నీ ముంగటనే ఉంటది. జగిత్యాల దిక్కు పోతవా? కోతలప్పుడు సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి చుట్టూత రాళ్లు పెడ్తరు. నువ్వు స్పోర్ట్ మోడ్ నొక్కితే, వడ్ల కాడున్న పెద్దమనిషి పార పట్టుకొని లేస్తడు.

టర్బో: నిర్మల్ కాడ ఎన్‌హెచ్ 44 ఎక్కుతం గదా. మా అత్తగారిల్లు ఆదిలాబాదేనాయె. నాలుగు లేన్ల రోడ్డు!

బావ: నాలుగు లేన్ల రోడ్డు మీద కార్లకు కేంద్రం పెట్టిన గరిష్ఠ వేగం గంటకు 100. అంటే నీ బండి పది సెకండ్లల్ల లిమిటుకు పోతది. నా బండి జర తాపీగ పోతది. అటెన్క ఇద్దరం ఒక్క తీరే పోవాలె. ఆ మొదటి పది సెకండ్ల కోసం అయిదు లక్షలా?

టర్బో: నీ బండి ముచ్చట తియ్యకు బావ. ఇంకా ఏపీ 15 నంబరే. టీఎస్ 02 వచ్చింది, 2024ల టీజీ 02 గూడ వచ్చింది.

బావ: నంబరు ప్లేటు మీద అక్షరాలు మూడు తీర్ల మారినయి. నా క్లచ్ ప్లేటు మాత్రం ఒక్కసారే మారింది.

(అన్న చెయ్యి తుడుచుకుంటూ వస్తాడు.)

అన్న: నమస్తే సార్. మంచి బండి మీద పడ్డది మీ కన్ను. డాక్టర్ బండి. సింగిల్ హ్యాండ్. 38 వేలే తిరిగింది.

బావ: 2014 నుంచి 38 వేలా? రోజుకు పది కిలోమీటర్లు సుత పడది.

అన్న: డాక్టర్ సాబు ఇంటికెల్లి దవాఖానకు, దవాఖానకెల్లి ఇంటికి. గంతే.

బావ: (తలుపు తీసి లోపలికి వంగి) బ్రేక్ పెడల్ రబ్బరు చూడు, గీతలన్ని అరిగి నున్నగయింది. డ్రైవర్ సీటు అంచు కుంగింది. స్టీరింగ్ మీద తోలు లేశింది. డాక్టర్ సాబు బండి ఇంటికాడనే నిలవెట్టి దినామంత బ్రేకు తొక్కుకుంట కూసున్నడా?

అన్న: ఎక్సర్‌సైజ్ చేస్తడు సార్, డాక్టర్ గదా.

టర్బో: అన్నా, ఇండ్ల ఆటోమేటిక్ గేర్లే గదా? ఏడు గేర్లు?

బావ: ఏడు గేర్లు, రెండు క్లచ్‌లు. రెండూ ఆయిల్ లేకుండ పొడిగనే పనిచేస్తయి. మెల్లగ జరిగే ట్రాఫిక్‌ల, ఎండకాలంల వేడెక్కుతయి. గేర్లు మార్చే మెకట్రానిక్ యూనిట్ పోయిందనుకో, నీ అయిదు లక్షల్లకెల్లి పెద్ద ముక్కే కోసిస్తవ్. పోలో మన దేశంల 2022ల బందయింది.

అన్న: అయితే గిటు రాన్రి. గా నల్లది ఫియట్ పుంటో అబార్త్. రేసు బండే. 145 గుర్రాల బలం! ఇది గూడ డాక్టర్ బండే సార్. గుండె డాక్టర్.

బావ: గందుకేనా, ధర చూడంగనే ఛాతిల పట్టేసింది?

టర్బో: బావ, 2015ల వచ్చినప్పుడు దీన్ని చూసి నిద్రపోలే నేను. అవ్వా, ఒకసారి కూసో, ఫీల్ చూడు!

(అవ్వ తలుపు పట్టుకుని, ఒక కాలు లోపల పెట్టి, మెల్లగా జారుతుంది.)

అవ్వ: కొడుకా, ఇది కారా, బాయా? దిగుడే గని ఎక్కుడు లేదు.

టర్బో: స్పోర్టు బండి నేలకు దగ్గరుంటదే అవ్వా. అప్పుడే రోడ్డు పట్టుకుంటది.

అవ్వ: రోడ్డును అది పట్టుకుంటది. నన్నెవలు పట్టుకోవాలె? మేడారం పోయేటప్పుడు గిన్నెలు, బియ్యం, కోళ్లు ఏడ పెడ్తవ్‌రా? నీ గుర్రాల మీద పెడ్తవా?

బావ: స్పీడ్ బ్రేకర్ల సంగతి చెప్పు. లెక్క ప్రకారమయితే ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు ఉండాలె. మన ఊర్లల్ల ఎవలింటి ముంగట వాళ్లు మొరం పోసి కట్టుకున్నదానికి కొలతేది? గింత కిందికి దింపిన బండి ప్రతి ఊరి కాడ కడుపు గీరిచ్చుకుంట పోవాలె. ఫియట్ పేరు మీద కార్లు అమ్ముడు బందయి ఏండ్లాయె. లైటు పగిలితే ఏడ దొరుకుతది అన్నా?

అన్న: ఢిల్లీల దొరుకుతది సార్. కొరియర్ల వస్తది.

బావ: గప్పటిదాక 145 గుర్రాలు షెడ్డుల గడ్డి మేస్తయి.

టర్బో: సరే, నీ తొవ్వకే వస్త. మారుతి అయితే ఒప్పుకుంటవా? అగో బెలెనో ఆర్‌ఎస్. 2017ల వచ్చింది. 998 సీసీ టర్బో, 102 గుర్రాల బలం.

బావ: ఇది జర బుద్ధున్న మాట. 2020ల బందయింది గని, గసొంటి ఒక లీటరు టర్బో ఇంజనే 2023ల ఫ్రాంక్స్‌ల మల్ల పెట్టిన్రు. మెకానిక్‌కు కొత్త గాదు. ఇది ఎవలు నడిపిన్రు అన్నా?

అన్న: (క్షణం కూడా ఆలోచించకుండా) పిల్లల డాక్టర్ సార్.

బావ: డాక్టర్ నడిపిండా, పిల్లలు నడిపిన్రా? ఎడమ రెక్క రంగు చూడు, తలుపు రంగు చూడు. ఒకటి పాలు, ఒకటి మజ్జిగ. బానెట్ బోల్టుల మీద పెయింటు లేశింది, అంటే ఇప్పి మల్ల బిగించిన్రు. (తలుపు అంచు రబ్బరు లాగి) ఇండ్ల కంపెనీ వేసిన వెల్డింగు చుక్కలు వరుసగ ఉండాలె. ఒక దిక్కు ఉన్నయి, ఒక దిక్కు లెవ్వు.

అన్న: చిన్న టచింగ్ సార్. ఒక్క గీత పడ్డా పిల్లల డాక్టర్ ఓర్వడు.

టర్బో: అన్నా, గా మూలకున్న ఎర్ర స్విఫ్ట్ ఎవలది? వింగ్ ఉన్నది, స్టిక్కర్లున్నయి, పెద్ద సైలెన్సర్ ఉన్నది. గదే ఫీల్!

అన్న: ఎంహెచ్ 34. చంద్రపూర్ డాక్టర్ బండి.

బావ: పక్క రాష్ట్రంకెల్లి గూడ డాక్టర్లు దిగుతున్నరా? ఎన్‌ఓసీ ఉందా అన్నా? ఇక్కడి లైఫ్ టాక్స్ ఎవలు కడ్తరు? గా సైలెన్సర్ మోతకు చట్టంల 10,000 దాక జరిమానా ఉన్నది, మూడు నెలలు లైసెన్సు గూడ పోతది. కంపెనీ ఇచ్చిన రూపం మార్చద్దని 2019ల సుప్రీంకోర్టు సుత చెప్పింది. (డిక్కీ తెరిచి, ముక్కు మూసుకుని) ఇవేంది? మేక పెంటికలు!

అన్న: ...పశువుల డాక్టర్ సార్.

(అవ్వ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతుంది.)

బావ: అన్నా, నాకొక అనుమానం. కరీంనగర్ కాడికెల్లి మంచిర్యాల, నిర్మల్, ఆదిలాబాద్ దాక ఎన్ని కన్సల్టెన్సీలున్నయో, అన్నిట్ల అన్నీ డాక్టర్ల బండ్లే. మరి సింగరేణి లాభాల వాటా రాంగనే కొన్న బండ్లు ఏడవోయినయి? గ్రానైట్ కాంట్రాక్టర్ల బండ్లు? దుబాయ్ కెల్లి సెలవుల మీదొచ్చిన పిలగాడు నెలంత తిప్పి తమ్మునికి అప్పజెప్పి పోయిన బండి? ఎలక్షన్లప్పుడు మైకు కట్టుకొని పదిహేను దినాలు ఒక్క గేరుల తిరిగిన బండి? డ్రైవింగ్ స్కూలు బండ్లు? ఇవన్ని ఆకాశంల కలిసినయా?

అన్న: వాళ్లు అమ్మరు సార్.

బావ: అమ్ముతరు. షెడ్డు లోపటికి తోలేటప్పుడు సర్పంచు బండి, ముంగట నిలవెట్టేటప్పుడు డాక్టర్ బండి. ఎంబీబీఎస్ చదవాలంటే అయిదేండ్ల మీద పడుతది, నీ షెడ్డుల వాటర్ వాష్ కొట్టంగనే పట్టా చేతికొస్తది.

టర్బో: బావ, మరి నన్నేం కొనమంటవ్? ఎడ్లబండా?

బావ: (గొంతు సవరించుకుంటాడు. ఇక్కడినుంచి తరగతి మొదలైంది.) చెప్త, విను. నీకు కావాల్సింది తిప్పితే తిరిగే బండి, తొక్కితే ఆగే బండి. దానికి టర్బో ఎందుకు? 2018ల వచ్చిన స్విఫ్ట్ పెట్రోల్ 900 కిలోల లోపటనే ఉంటది. బరువు తక్కువుంటే మామూలు ఇంజనే హుషారుగ లాగుతది, మలుపుల మాట వింటది. స్టిక్కర్లు లేనిది, చేతి గేర్లది చూడు. అయిదు లక్షలున్నయని అయిదు లక్షల బండి కొనకు. నాలుగుల కొను. లక్ష పక్కకు పెట్టు.

టర్బో: లక్ష దేనికి?

బావ: టైరు పక్కన నాలుగంకెలుంటయి. 2319 అని ఉంటే 2019ల 23వ వారం తయారైందని. గీతలెంత బాగున్నా ఆరేడేండ్లు దాటిన రబ్బరు గట్టివడుతది, వానల జారుతది. ముందు టైర్లు మార్చు. తర్వాత బ్రేక్ ప్యాడ్లు, సస్పెన్షన్ బుష్‌లు. నువ్వంటున్న ఫీల్ అంత ఆడనే ఉంటది. కంపెనీ సర్వీస్ సెంటర్ల నంబరు చెప్పి పాత రికార్డు అడుగు; మీటరు ఏ సంవత్సరం ఎంతున్నదో బయటవడ్తది. ఓనర్‌కు లోనుంటే బ్యాంకు కాగితం, ఫారం 35 తీసుకో. 29, 30 ఫారాల మీద సంతకాలు పెట్టిచ్చి ఊకోకు, పేరు మారేదాక వెంటవడు. పద్నాలుగు దినాల లోపట ఇన్సూరెన్సు నీ పేరు మీదికి తెచ్చుకో. నో క్లెయిమ్ బోనస్ పాత ఓనర్ తోనే పోతది, నీకు రాదు. చలాన్లు చూసుకో...

అవ్వ: బిడ్డా, ఎండకు నిలవడ్డం.

బావ: అయిపోయింది అత్తమ్మ, ఒక్క మాట. కొనే దినం మెకానిక్‌ను తోలుకపో. వానలల్ల మునిగిన బండయితే సీటు బెల్టు మొత్తం బయటికి లాగితే కొసకు బురద మరక కనవడ్తది. సీటు కింద పట్టాలకు తుప్పుంటది. ఇగ కొండగట్టు పోయి టైర్ల కింద నిమ్మకాయలు పెట్టిచ్చేటప్పుడు...

టర్బో: బావ, బెల్లు కొట్టిన్రు! పీరియడ్ అయిపోయింది!

బావ: ఇప్పుడు ఎక్కదు నీకు. మా కాలేజీ పిల్లలకూ ఎక్కదు. కాకతీయ యూనివర్సిటీల నేను పీహెచ్‌డీ ఊకెనే చెయ్యలేదు. ఏదయినా మూలం దాక చూడాలె.

(అన్న నోట్లో పుల్ల ఆగిపోతుంది.)

అన్న: సార్... మీరు పీహెచ్‌డీనా?

బావ: తెలుగుల. ఏమాయె?

అన్న: అంటే పేరు ముంగట... డాక్టర్ అని రాసుకుంటరు.

బావ: రాసుకుంట.

అన్న: (గేటు బయట నిలిపిన వ్యాగన్ ఆర్ చుట్టూ ఒక తిరుగుడు తిరిగి వస్తాడు.) ఈ బండికి మొదటికెల్లి మీరే ఓనరా?

బావ: నేనే. ఇంటికెల్లి కాలేజీకి, కాలేజీకెల్లి ఇంటికి.

అన్న: ఎంత తిరిగింది సార్?

బావ: లక్షా నలభై వేలు.

అన్న: గది మాకు ఇడువున్రి. సార్, ఇరవై ఏండ్ల సంది ఈ దందా చేస్తున్న. అసలు డాక్టర్ బండి నా షెడ్డుకు రాలే. మామూలుగయితే లక్షా ఇరవై. మీదయితే లక్షా డెబ్బై ఇస్త.

టర్బో: బావ, నువ్వు అమ్ముతవా ఏంది? అంత పెద్ద ముచ్చట చెప్పినవ్!

అవ్వ: (వ్యాగన్ ఆర్‌లో అప్పటికే కూర్చుని) ఇది అమ్మకున్రి బిడ్డా. ఎక్కుడు దిగుడు అలకగున్నది. నాకయితే గిదే రేసు బండి.

బావ: (అటూ ఇటూ చూసి, అన్న చెవి దగ్గరికి వంగి) మీటరు ఎంతకు తెస్తవ్?