అయిదూ ఇరవై తొమ్మిదీ అరవై

నేనొక క్వార్ట్జ్ పలుకును. హైదరాబాద్‌లోని ఒక డేటా సెంటర్లో, సర్వర్ మదర్‌బోర్డు మీద, చింతగింజంత వెండిరంగు డబ్బీలో నన్ను పెట్టి సీలు వేశారు. కరెంటు తగిలితే సెకనుకు రెండున్నర కోట్లసార్లు వణుకుతాను. ఆ వణుకు ఆధారంగానే మెషీన్ టైం లెక్కపెట్టుకుంటుంది.

నా లెక్క మరీ కచ్చితమేమీ కాదు. ఏసీ మందగించి ర్యాక్ వేడెక్కితే నా వేగం మారిపోతుంది. పది లక్షల్లో పది వంతుల తేడా అంటే వినడానికి ఏమీ లేదు కానీ, రోజు తిరిగేసరికి అది 0.86 సెకను. అందుకే ఎన్‌టీపీ ద్వారా పెద్ద గడియారాలను అడిగి నన్ను దిద్దుతుంటారు. ఆ పెద్ద గడియారాలకు పెద్ద సీజియం పరమాణువు. 1967 నుంచి సెకనంటే దాని 9,192,631,770 కంపనాలు.

సీజియం తడబడదు, భూమి భ్రమణం తడబడుతుంది. ఆ రెండింటి మధ్యా 0.9 సెకనుకు మించి ఎడం రాకూడదని 1972 నుంచి అప్పుడప్పుడూ ఒక లీప్ సెకను కలుపుతూ వచ్చారు. ఎప్పుడు కలపాలో భూభ్రమణాన్ని గమనించే ఐఈఆర్‌ఎస్ సంస్థ పారిస్ నుంచి ముందుగా ప్రకటిస్తుంది. ప్రపంచ ప్రామాణిక సమయమైన యూటీసీలో అది రాత్రి 23:59:60. మనకు తెల్లవారుజామున 5:29:60.

ఆ అరవయ్యో సెకనుకు కంప్యూటర్ లెక్కలో చోటు లేదు. యూనిక్స్ టైం 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్లను లెక్కపెడుతుందంటారు గానీ అది సగమే నిజం. ఏ రోజుకైనా 86,400 సెకన్లేనని అది ముందే తీర్మానించుకుంది. 86,401 సెకన్ల రోజు వస్తే ఒకే అంకెను రెండుసార్లు చెప్పడం తప్ప దానికి దారి లేదు. నేను ఆగకుండా వణుకుతూనే ఉంటాను. మెషీన్ గడియారం మాత్రం ఒక సెకను వెనక్కి గెంతుతుంది.

2012 జులై 1, ఆదివారం, లీప్ సెకను కలిపిన పొద్దు. 5:30 దాటిందో లేదో, ఫ్యాన్లు హోరెత్తాయి. నైట్ షిఫ్ట్ కుర్రాడు ఫోనందుకున్నాడు.

“అన్నా, సీపీయూ వందకు కొట్టింది. జావా ఉన్న బాక్సులన్నీ ఇట్లనే ఉన్నయ్. రీబూట్ కొట్టనా?”

“ఆగు. ఎన్‌టీపీ ఆపి, ఉన్న డేట్‌నే మళ్లీ సెట్ చెయ్.”

చేశాడు. ఫ్యాన్లు చల్లబడ్డాయి. కుర్రాడికి అది మంత్రంలా తోచి ఉంటుంది. జరిగింది ఇదీ: లైనక్స్ కెర్నెల్ గడియారాన్ని ఒక సెకను వెనక్కి జరిపింది గానీ ఆ కబురు టైమర్లకు అందలేదు. వాటి లెక్క ఒక సెకను ముందుంది. అర సెకనయ్యాక లేపమని పడుకున్న ప్రోగ్రామును అవి తక్షణమే లేపేవి. లేచి చూస్తే ఇంకా టైం కాలేదు, మళ్లీ పడుకునేది, మళ్లీ లేపేవి. డేట్ సెట్ చేయగానే టైమర్లకు కబురు చేరింది. అదే వేళకు ఆస్ట్రేలియాలో క్వాంటాస్ విమానాల చెక్-ఇన్ కుంటుపడింది, రెడ్డిట్ సైటు మూగబోయింది.

తర్వాత సర్వర్ల లాగ్‌లు తిరగేసే పని పడింది. అది ఇంకో తలనొప్పి. ఒక బాక్సు ఐఎస్‌టీలో రాసింది, ఇంకొకటి యూటీసీలో, మూడోది 07/01/2012 అని. జులై ఒకటా, జనవరి ఏడా? టైం రాసే ఆర్‌ఎఫ్‌సీ 3339 పద్ధతి “:60”ను ఒప్పుకుంటుంది. డేటాబేసుల్లో మైఎస్‌క్యూఎల్ ఒప్పుకోదు. పోస్ట్‌గ్రెస్ తీసుకుని, చడీచప్పుడు లేకుండా తర్వాతి నిమిషంలోకి తోసేస్తుంది. ముగ్గురిలో నాకు పోస్ట్‌గ్రెస్ మీదే అనుమానం. పేచీ పెట్టేవాడు కనీసం కంటికి కనిపిస్తాడు.

2017 జనవరి 1 నాటి లీప్ సెకనుకు క్లౌడ్‌ఫ్లేర్ కంపెనీ డీఎన్ఎస్‌కు దెబ్బ తగిలింది. జవాబు రావడానికి ఎంతసేపైందో చూద్దామని రెండు టైములు తీసివేస్తే మైనస్ అంకె వచ్చింది. ఆ అంకెను అందుకున్న గో భాష ఫంక్షన్ కుప్పకూలింది. “ఇప్పుడు టైమెంత” వేరు, “ఎంతసేపైంది” వేరు. రెండో ప్రశ్నకు జవాబు చెప్పే మోనోటోనిక్ క్లాక్ లైనక్స్‌లో ఎప్పటినుంచో ఉంది, అది వెనక్కి నడవదు. గో భాష టైం విలువల్లోకి అది అదే ఏడాది 1.9 వెర్షన్‌తో వచ్చింది.

గూగుల్ 2008 నుంచే మరో ఉపాయం పట్టింది. అదనపు సెకనును ఒక్కసారిగా గుచ్చకుండా గంటల తరబడి పలచగా పులిమేస్తుంది. 24 గంటలకు పులిమితే ఒక్కో సెకనూ పది లక్షల్లో 11.6 వంతులు సాగుతుంది. అంటే నా పుట్టుతప్పు ఎంతో దాదాపు అంతే! ఇన్నేళ్లూ నన్ను దిద్దినవాళ్లు నా జబ్బునే మందుగా వాడుతున్నారు. కానీ పులిమే మెషీన్లనూ, పులమని మెషీన్లనూ ఒకే క్లస్టర్లో కలపకూడదు. నడిమధ్యన రెండింటికీ అర సెకను తేడా వస్తుంది. డిస్ట్రిబ్యూటెడ్ డేటాబేసులో ఏ రాత ముందో ఏది వెనకో తారుమారు కావడానికి అది చాలు.

2022 నవంబరులో వెర్సాయ్‌లో సమావేశమైన తూనికలు కొలతల మహాసభ, 2035 లోపు ఆ 0.9 పరిమితిని పెంచాలని తీర్మానించింది. అంటే లీప్ సెకన్లకు చాలాకాలం సెలవు. ఇప్పటికే కలిపిన 27 మాత్రం ఎక్కడికీ పోవు. 2012 నాటి లాగ్‌లో రెండు ఘటనల మధ్య అసలు ఎంతసేపు గడిచిందో తేల్చాలంటే, ఆ లీప్ సెకన్ల పట్టిక పక్కన పెట్టుకుని కూర్చోవాల్సిందే.